కుండీ అంటే చిన్న నేల కాదు

నాలుగేళ్ల కిందట, ఫిబ్రవరి నెలాఖర్లో మా మిద్దె మీద మట్టి నింపిన సంచుల్లో పదహారు టమాటా మొక్కలు నాటాను. మార్చి రెండో వారం దాటేసరికి ఆకులు వాలిపోవడం మొదలైంది. ఎండ ముదిరింది, దాహంతో అల్లాడుతున్నాయి అనుకుని పొద్దున ఒక చెంబు, సాయంత్రం ఒక చెంబు పోశాను. ఇంకా వాలాయి. ఇంకో చెంబు పెంచాను. ఉగాదికి పదహారులో రెండు మిగిలాయి. పండక్కి నల్లగొండ దగ్గరి మా ఊరి నుంచి వచ్చిన అమ్మ, చచ్చిన మొక్కనొకదాన్ని మొదలు దగ్గర పట్టుకుని లాగింది. ఏ పట్టూ లేకుండా ఊడి చేతిలోకి వచ్చేసింది. తెల్లగా ఉండాల్సిన వేళ్లు టీపొడి రంగుకు తిరిగాయి. రెండు వేళ్ల మధ్య పట్టి జారిస్తే పైపొర తొడుగులా ఊడిపోయి, లోపల సన్నటి దారం మిగిలింది. నా ముక్కు దగ్గర పెట్టింది. మురుగు వాసన. "దూపకు కాదు బిడ్డా, మునిగి సచ్చినయ్" అంది.

అమ్మ నలభై ఏళ్లుగా వ్యవసాయం చేస్తోంది. చేలో టమాటాకు కాలవ కట్టి బోదెల నిండా నీళ్లు పారిస్తుంది. అక్కడ మునగని మొక్క నా సంచిలో చెంబుడు నీళ్లకే ఎలా మునిగింది? ఇంటి దగ్గర కూరగాయలు మొదలుపెట్టిన వాళ్లకు ఎదురయ్యే చిక్కులు చాలావరకు ఈ ఒక్క ప్రశ్న దగ్గరికే వస్తాయి. ఏ విత్తనం కొనాలి, ఏ మందు కొట్టాలి అని అడగబోయే ముందు దీని సంగతి తేల్చుకోవాలి.

నేలలో వేరు కింద అడుగుల కొద్దీ మట్టి ఉంటుంది. పోసిన నీటిని అది కిందికి లాగేసుకుంటుంది. మే నెల మిట్టమధ్యాహ్నం కూడా మూరెడు లోతున చల్లగా ఉంటుంది. వానపాములు, కుళ్లిన ఆకులు, కంటికి కనపడని సూక్ష్మజీవులు మేత అందిస్తూ ఉంటాయి. ఒక పక్క ఎండితే వేరు ఇంకో పక్కకు పాకుతుంది. కుండీలో ఇవేవీ లేవు. నీళ్లు పట్టి ఉంచడం, ఎక్కువైనవి దించేయడం, వేళ్లను చల్లగా కాపాడటం, మేత పెట్టడం, నేల అడక్కుండా చేసే ఈ నాలుగు పనులూ మన మీద పడతాయి. పెరట్లో నాలుగడుగుల నేల ఉన్నవాళ్లు అదృష్టవంతులు, సగం పని వాళ్లకు నేలే చేసిపెడుతుంది. మిద్దె, బాల్కనీ తప్ప వేరే చోటు లేని మనబోటి వాళ్లం మాత్రం కుండీ ఎలా నడుస్తుందో తెలుసుకోవాల్సిందే.

గిన్నెలు తోమే స్పాంజి ఒకటి తీసుకోండి. నీళ్లలో ముంచి, అరచేతిలో పడుకోబెట్టినట్టు పట్టుకుని పైకెత్తండి. కారాల్సినవి కారి ఆగిపోతాయి. ఇప్పుడు దాన్ని నిలువుగా తిప్పండి. మళ్లీ నీళ్లు కారతాయి. కాసేపటికి ఆగుతాయి. అప్పుడు పైభాగం నొక్కితే తడి మామూలుగా ఉంటుంది, కింది అంచు నొక్కితే నీళ్లు బొటబొటా పడతాయి. కుండీలో జరిగేది కూడా ఇదే. అడుగున ఎన్ని చిల్లులున్నా, చివరి అంగుళమో రెండంగుళాలో నీటితో నిండే ఉంటుంది, ఎందుకంటే దాన్ని కిందికి లాగే మట్టి ఆ కింద లేదు. నేలలో ఆ లాగే పని ఆగదు, అందుకే అమ్మ చేలో మొక్క మునగలేదు. నిండుగా నీళ్లున్న చోట గాలి ఉండదు, గాలి లేని చోట వేరు ఊపిరాడక కుళ్లుతుంది. కుళ్లిన వేరు నీళ్లు తాగలేదు కాబట్టి ఆకు వాలుతుంది. దాహమేసినా వాలుతుంది, మునిగినా వాలుతుంది. పైనుంచి చూసేవాడికి రెండూ ఒకటే. నేను చెంబులు పెంచుకుంటూ పోయింది అందుకే.

దీన్నిబట్టి ఇంకో రెండు విషయాలు తెలుస్తాయి. లోతు తక్కువున్న ట్రేలో ఆ నీళ్ల పొర వాటా ఎక్కువ, లోతున్న సంచిలో తక్కువ. అలాగే, నీళ్లు బాగా దిగుతాయని కుండీ అడుగున గులకరాళ్లో ఇటుక ముక్కలో పరవడం మనలో చాలామందికి అలవాటు. దానివల్ల మేలు కన్నా కీడే ఎక్కువ. మెత్తటి మట్టిలోని నీళ్లు, మట్టి పూర్తిగా నిండితే తప్ప రాళ్ల సందుల్లోకి దిగవు. అంటే అడుగున ఉండాల్సిన ఆ ముంపు పొర రాళ్ల పైకి ఎక్కి వేళ్లకు ఇంకా దగ్గరవుతుంది. చిల్లులోంచి మట్టి జారకుండా ఒక కుండ పెంకు బోర్లిస్తే చాలు. కుండీ కింద నీళ్లు నిలిచే పళ్లెం పెట్టకండి. వేరుకు అది చేటు, పైగా డెంగీ దోమ గుడ్లు పెట్టేది అలాంటి నిలవ నీళ్లలోనే.

ఇక మట్టి కలపడం. నా పదహారు సంచుల్లో ఉన్నది ఒక దుకాణంలో సిద్ధంగా కలిపి అమ్మిన మిశ్రమం. సంచి మీద మట్టి, ఎరువు అని రాసి ఉంది, లోపల దాదాపు అంతా కొబ్బరి పొట్టే. పైన ఎండినట్టు కనపడుతుంది, లోపల తడి నిలిచే ఉంటుంది. కొబ్బరి పొట్టు చెడ్డదని కాదు, ఎంత కలపాలన్నది తెలియాలి. నాకు కుదిరిన పాళ్లు ఇవి: ఎర్రమట్టి రెండు వంతులు, బాగా మాగిన పశువుల ఎరువు గానీ వర్మీకంపోస్టు గానీ ఒక వంతు, కొబ్బరి పొట్టు ఒక వంతు, సంచికి రెండు గుప్పెళ్ల వేపపిండి. మట్టి బరువుగా, జిగటగా ఉంటే పొట్టు కాస్త పెంచుకోవచ్చు. నల్లరేగడి మాత్రం కుండీకి వద్దు. తడిస్తే ఉబ్బి ముద్దవుతుంది, ఎండితే ముడుచుకుని కుండీ అంచులు వదిలేస్తుంది. ఆ సందులోంచి పోసిన నీళ్లు పోసినట్టే కారిపోతాయి, మధ్యలో వేళ్లకు చుక్క అందదు. పచ్చి పేడ కూడా వద్దు. అది మాగేటప్పుడు పుట్టే వేడి వేళ్లను కాలుస్తుంది, మాగని ఎరువుతో పాటు వేరు పురుగులు కూడా సంచిలోకి వస్తాయి. కొబ్బరి పొట్టు దిమ్మెను నానబెట్టాక రెండు మూడు సార్లు పిండి కడగాలి, అందులో ఉప్పు ఉంటుంది.

కలిపాక అది కుదిరిందో లేదో చెప్పే పరీక్ష అమ్మ నేర్పింది. మిశ్రమాన్ని తడిపి గుప్పెడు తీసుకుని గట్టిగా పిడికిలి బిగించాలి. పిడికిలి తెరిస్తే ముద్ద నిలవాలి, బొటనవేలితో పొడిస్తే పొలపొలా విడిపోవాలి. తెరవగానే రాలిపోతే పొట్టో ఇసుకో ఎక్కువైంది. పొడిచినా వేలిముద్ర పడి ఊరుకుంటే బంకమట్టి ఎక్కువైంది. సంచులు నింపే ముందు ఇప్పటికీ ప్రతిసారీ చేసి చూస్తాను. నీళ్లు పోయడానికి కూడా కొలత చేతిలోనే ఉంది. చూపుడువేలు రెండు కణుపుల దాకా మట్టిలో గుచ్చండి. చల్లగా తడి తగిలితే ఆ పూట నీళ్లు అక్కర్లేదు. పొడిగా ఉంటే అడుగున కారేదాకా పోయండి. రోజూ కాసిన్ని కాసిన్ని చిలకరించడం కన్నా, ఆగి నిండుగా పోయడం మేలు. మధ్యాహ్నం పూట సొర, బీర ఆకులు వాలినా కంగారు పడొద్దు, సాయంత్రానికి వాటంతట అవే తేరుకుంటాయి. పొద్దున్నే కూడా వాలి ఉంటే అప్పుడు వేలు గుచ్చి చూడండి.

మొదలుపెట్టేవాళ్లు అడగరు గానీ, అడగాల్సిన ముఖ్యమైన సంగతి బరువు. పన్నెండు అంగుళాల సంచిలో సుమారు 20 లీటర్ల మట్టి పడుతుంది. తడిసినప్పుడు ఒక్కోటి పాతిక కిలోలు తూగుతుంది. మనుషులు ఎక్కి తిరిగే కాంక్రీటు మిద్దెకు, స్లాబు సొంత బరువు కాక, చదరపు మీటరుకు దాదాపు 150 కిలోల భారం లెక్కలోకి తీసుకోవాలని కట్టడాల మీద పడే భారాలకు మన దేశం పెట్టుకున్న ఐఎస్ 875 ప్రమాణం చెబుతుంది. చదరపు మీటరులో ఆ సంచులు ఆనించి పేరిస్తే తొమ్మిది పడతాయి. తొమ్మిది పాతికలు 225. హద్దు దాటిపోయాం. అడుగు లోతు మడి కట్టి పూర్తిగా మట్టితో నింపితే చదరపు మీటరుకు 400 కిలోలు సులువుగా దాటుతుంది. అందుకే మధ్యలో దారులు వదిలి ఎడంగా పెట్టండి. పెద్ద తొట్లను దూలాల మీదికి, కింద గోడలున్న చోటికి జరపండి. పాత ఇల్లయినా, అద్దె ఇల్లయినా, అపార్టుమెంటు మిద్దయినా ఇంజినీరుకు చూపించకుండా మడులు కట్టొద్దని గట్టిగా చెబుతాను. సంచుల కింద రెండేసి ఇటుకలు పెడితే నీళ్లు దిగిపోతాయి, స్లాబు ఆరుతుంది, వేసవిలో స్లాబు సెగ వేళ్లకు తగలదు.

సెగ అన్నాను కాబట్టి ఎండ లెక్క. కాయకూరలకు రోజుకు కనీసం ఆరు గంటల ఎండ కావాలి. ఆకుకూరలు మూడు నాలుగు గంటలతో సర్దుకుంటాయి. కానీ మీ మిద్దె మీద ఎండ ఏడాదంతా ఒకేచోట పడదు. హైదరాబాద్‌లో మే 9 ప్రాంతంలో ఒకసారి, ఆగస్టు 3 ప్రాంతంలో ఒకసారి మధ్యాహ్నపు సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు, నిలబెట్టిన కర్రకు నీడే ఉండదు. ఆ మధ్య రోజుల్లో కాస్త ఉత్తరానికి ఒరుగుతాడు. డిసెంబరులో మాత్రం బాగా దక్షిణానికి వాలతాడు. అప్పుడు దక్షిణం వైపు మూడడుగుల పిట్టగోడ నడిమధ్యాహ్నం కూడా రెండున్నర అడుగుల నీడ వేస్తుంది. వేసవిలో కాసిన చోటే చలికాలంలో వంగ ఎందుకు కాయలేదో నాకు అర్థమైంది ఒక డిసెంబరు మధ్యాహ్నం టేపు పట్టుకుని కొలిచాకే. మీరు కూడా సంచులు కొనేముందు ఒక సెలవు రోజు పొద్దున తొమ్మిదికి, పన్నెండుకు, మూడుకు మిద్దె ఎక్కి నీడ ఎక్కడుందో సుద్దముక్కతో గీసి చూడండి.

కాలం తప్పితే ఎంత మంచి మట్టి కూడా కాపాడలేదు. నా టమాటాల్లో మిగిలిన ఆ రెండూ ఏప్రిల్‌లో విరగబూశాయి, ఒక్క పిందె నిలవలేదు. పగలు 35 డిగ్రీలు దాటి, రాత్రి కూడా వేడి తగ్గకపోతే టమాటా పుప్పొడి పనిచేయదు, పూత రాలిపోతుంది. ఆగస్టు, సెప్టెంబరులో నారు పోసుకుని చలికాలంలో కాయించుకోవాల్సిన పంట అది. క్యారెట్, ముల్లంగి, కాలీఫ్లవర్ కూడా చలికే. బీర, సొర, కాకర, బెండ తొలకరికి వేస్తే హాయిగా వస్తాయి. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, ఆ ఎండకు కొత్త మొక్కను అప్పగించొద్దు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు మృగశిర దాటాక, వానలు కుదురుకున్న జూన్ నెలాఖరు కన్నా మంచి ముహూర్తం లేదు.

గోంగూర సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. దాన్ని తొలకరికి వేస్తే నెలల తరబడి ఆకు కోసుకోవచ్చు. అదే అక్టోబరులో వేస్తే జానెడు ఎదగకుండానే పూతకొస్తుంది. ఎరువు చాల్లేదేమో అనుకుంటాం. అసలు కారణం పగటి పొడవు. పగళ్లు కురచవుతుంటే గోంగూర ఆకు మానేసి పూతకు తిరుగుతుంది. న్యూజెర్సీలో ఉండే మనవాళ్లకు ఇదే తిరగబడి అనుభవమవుతుంది. వేసవి పగళ్లు పొడవు కాబట్టి అక్కడ ఆకు ఏపుగా వస్తుంది, కానీ పూత పట్టి గింజ ముదిరేలోపే మంచు కురిసి మొక్క పోతుంది. అందుకే ఊరి నుంచి వచ్చేవాళ్లను గోంగూర గింజలు తెమ్మని అడుగుతుంటారు.

మొదటి వానాకాలం ఐదు సంచులు చాలు. ఇరవై పెడతామంటే నేను ఒప్పుకోను. లోతు తక్కువున్న వెడల్పు టబ్బులో తోటకూర, ఇంకోదాంట్లో మెంతి, ఒక సంచిలో గోంగూర, ఒకదాంట్లో మిరప, ఒకదాంట్లో బచ్చలి. తోటకూర గింజ ఆవగింజ కన్నా చిన్నది, నాలుగింతల పొడి ఇసుకలో కలిపి చల్లితే ఒకేచోట గుంపుగా పడదు. మూడు నుంచి ఐదు రోజుల్లో మొలుస్తుంది, నెల తిరక్కుండా కోతకొస్తుంది. నీళ్లు ఎక్కువైనా తక్కువైనా వారంలో చెప్పేస్తుంది, తప్పు చేసినా మళ్లీ చల్లుకోవచ్చు. నేర్చుకునే మొదటి నెలల్లో ఇంతకన్నా కావాల్సింది లేదు. మెంతికి వంటింటి డబ్బాలోవే పనికొస్తాయి. ధనియాన్ని మాత్రం అలాగే వేయకండి. ఒక్కో ధనియంలో రెండు గింజలుంటాయి, నేల మీద వేసి చెప్పుతో మెల్లగా నలిపి రెండు బద్దలు చేసి, రాత్రంతా నానబెట్టి చల్లితే వారం పది రోజులకు మొలుస్తుంది. బచ్చలికి విత్తనం కూడా అక్కర్లేదు, తెలిసినవాళ్ల ఇంటి నుంచి జానెడు కొమ్మ తెచ్చి గుచ్చండి. దుకాణం విత్తనం కొంటే గడువు తేదీ చూడండి, గులాబీ రంగు పూసినవి మందు పట్టించినవి, పిల్లలకు అందనివ్వకండి, చల్లాక చేతులు కడుక్కోండి.

మేత దగ్గర మళ్లీ కుండీ గుణమే గుర్తుంచుకోవాలి. నిండుగా నీళ్లు పోసిన ప్రతిసారీ అడుగు నుంచి గోధుమరంగు నీళ్లు కారతాయి కదా, ఆ నీళ్లతో పాటు ఎరువు కూడా కొంత కొట్టుకుపోతుంది. అందుకని నేలకు ఏడాదికోసారి వేసినట్టు కాకుండా, పదిహేను ఇరవై రోజులకోసారి సంచికి రెండు గుప్పెళ్ల వర్మీకంపోస్టు పైపైన కలుపుతూ ఉండాలి. ఆకు పసుపెక్కితే ఎక్కడి ఆకో చూడండి. కింది ముదురాకులు పాలిపోతే నత్రజని చాల్లేదు, మొక్క పాత ఆకుల్లోంచి దాన్ని లాగి కొత్త చిగురుకు పెట్టుకుంటోంది. ఈనెలు పచ్చగా ఉండి లేత చిగురే పాలిపోతే ఇనుము అందడం లేదు. ఇనుమును మొక్క అలా తరలించుకోలేదు కాబట్టి కొత్త ఆకు నష్టపోతుంది. బోరు నీళ్ల సున్నం పేరుకుని కుండీ అంచున తెల్లటి పొర కట్టే ఇళ్లలో ఇది మామూలే. మట్టిలో ఇనుము ఉన్నా ఆ సున్నం వేరుకు అందనివ్వదు. అలాంటి చోట పొయ్యి బూడిద వేస్తే ఇంకా ముదురుతుంది. వాన నీళ్లు పట్టి పోయడం మంచి మందు. కోడిగుడ్డు పెంకుల మీద నమ్మకం పెట్టుకోకండి, అవి కరిగేసరికి మొక్క కాలం చెల్లిపోతుంది. టమాటా కాయ అడుగు నల్లగా కుళ్లితే కాల్షియం లేదనే అంటారు గానీ, చాలాసార్లు కారణం ఒకరోజు ఎండగట్టి ఒకరోజు ముంచేయడం. నీళ్లతో పాటే కాల్షియం కాయలోకి ఎక్కాలి.

పురుగుల గురించి ఎంతైనా రాయొచ్చు, మొదటి ఏడాదికి ఒక్కటి చెబుతాను. మొక్క మీద చీమలు బారులు తీరితే ఆకు తిప్పి చూడండి. చిగురు కింద పేనుబంక అనే సన్నటి పురుగు గుంపులు కట్టి ఉంటుంది. అది వదిలే తియ్యటి జిగురు కోసం చీమలు దానికి కాపలా కాస్తాయి. పొద్దున్నే పైపు నీళ్లతో గట్టిగా కడిగేసి, లీటరు నీళ్లకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల కుంకుడు రసం కలిపి ఆకుల అడుగున సాయంత్రం పూట పిచికారీ చేస్తే సరిపోతుంది.

తీగలు పెట్టినవాళ్లు "పిందెలన్నీ పసుపెక్కి రాలిపోతున్నాయి" అని దిగులు పడతారు. ఎరువు పెంచుతారు, మందు కొడతారు. సాయంత్రం ఐదున్నరకు ఒకసారి బీరపందిరి దగ్గర నిలబడి చూడండి. పసుపు పూలు అప్పుడే విచ్చుకుంటాయి. గుత్తులుగా వచ్చేవి మగపూలు. ఒంటిగా, వెనక వేలెడు బీరపిందె అంటుకుని ఉన్నది ఆడపువ్వు. మూడో నాలుగో అంతస్తులోని మిద్దెకు ఆ వేళప్పుడు తిరిగే పురుగులు తక్కువ, పుప్పొడి చేరక పిందె రాలిపోతుంది. మగపువ్వు తెంపి, రెక్కలు ఒలిచి, మధ్యలోని పుప్పొడిని ఆడపువ్వు లోపలి జిగురు బొడిపెకు మెల్లగా అద్దండి. కుదిరితే మూడు రోజుల్లో పిందె లావెక్కి కిందికి వేలాడుతుంది. మా అమ్మాయి ఇప్పుడు ఈ పని నాకన్నా ఓపిగ్గా చేస్తుంది.

ఖర్చు మిగులుతుందని చెప్పి నేను ఎవరినీ ఇందులోకి పిలవను. మనిషికి రోజుకు 400 గ్రాముల కూరగాయలు, పండ్లు కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. నలుగురున్న ఇంటికి కిలోన్నర పైమాటే. ఐదు సంచులు కాదు, యాభై పెట్టినా రోజూ అంత రాదు. మట్టి, సంచులు, ఎరువుల ఖర్చు తేలడానికే కాలం పడుతుంది. కానీ వంటకు పది నిమిషాల ముందు కోసిన తోటకూర కాడ విరిస్తే టక్కున చప్పుడవుతుంది. బజారు నుంచి తెచ్చిన కట్టలో ఆ చప్పుడు నేను వినలేదు. వారానికి మూడు పూటల కూర మందు కొట్టనిదని తెలిసి పిల్లలకు పెట్టడం నాకు చాలా విలువైన సంగతి.

ఏటా మే నెలలో పాత సంచులన్నీ టార్పాలిన్ మీద బోర్లిస్తాను. మట్టి వారం పది రోజులు ఆ ఎండకు మాడితే వేళ్లను పట్టే నులిపురుగులు, తెగుళ్లు తగ్గుతాయి. తర్వాత మూడో వంతు కొత్త ఎరువు కలిపి తొలకరికి మళ్లీ నింపుకోవచ్చు. మొన్న వంగ సంచి బోర్లించినప్పుడు అమ్మ పక్కనే ఉంది. మట్టి సంచి ఆకారంలోనే ముద్దగా నిలబడింది. చుట్టూ తెల్లటి వేళ్లు, పైనుంచి కింది దాకా గట్టిగా అల్లుకున్నాయి. అమ్మ ముద్దను తలకిందులుగా తిప్పి అడుగు చూపించింది. చివరి రెండంగుళాల్లో మాత్రం వేళ్లు పలచగా ఉన్నాయి. నీళ్లు పోయడం మానేసి నాలుగు రోజులైనా అక్కడ మట్టి ఇంకా నల్లగా, తడిగానే ఉంది.